ఈల తర్వాత పడ్డ గోలు

కోంట,
20 ఆగస్టు 1967.

చిరంజీవి కమలాకుమారికి,

మామయ్య రామనాథం, అత్తయ్య అన్నపూర్ణమ్మ దీవెనలు. మేం బాగున్నాం. శబరి వరద ఈ ఏడు మన బట్టల దుకాణం కింది మెట్టుదాకా వచ్చి, లోపలికి ఒకసారి తొంగిచూసి వెనక్కి తగ్గింది. నీకు అక్కడ ఆగస్టు నెలలో రెండు రగ్గులు కప్పుకున్నా చలి ఆగడం లేదని జగదల్పూర్‌లో మీ అమ్మకు రాశావట. అక్కయ్య నమ్మలేదు. సర్కారు వాళ్ళు నర్సుల శిక్షణ అని చెప్పి పిల్లను ఇంకెక్కడికో పంపించారని నాకు కబురు చేసింది. ఏడాదే కదా, తిరిగివచ్చాక నువ్వే చెప్పుకో.

ఇప్పుడు నా గొడవ విను. పంద్రాగస్టు నాడు ఎర్రబోరు మైదానంలో మన ఫుట్‌బాల్ ఫైనల్ అయింది. ఎప్పటిలాగే కోంటకూ ఎర్రబోరుకూ మధ్య. ఎప్పటిలాగే గెలిచిన ఊరికి ఒక మేకపోతు. పదహారేళ్ళుగా ఎప్పటిలాగే నేనే రిఫరీని. చేతికి గడియారం, నోట్లో ఈల, తలమీద మీ అత్తయ్య బలవంతాన చుట్టిన తువ్వాలు. చెరొక గోలు అయింది. ఇక ఆట ముగుస్తుందనగా మన ఊరి ఇర్మాకు బంతి దొరికింది. ఎదురుగా ఎర్రబోరు గోలుకీపరు ముయా తప్ప ఇంకెవరూ లేరు. ఇర్మా కొట్టాడు. నేను ఈల ఊదాను. బంతి ఇంకా గాల్లోనే ఉంది. ఈల అయిపోయాక తీరిగ్గా వెళ్ళి రెండు వెదురుగడల మధ్య నుంచి అవతల పడింది.

"ఈలకు ముందే కాలు తగిలింది, గోలే" అని మనవాళ్ళు. "ఈల ఊదినంక ఆటేంది, గోలేంది" అని ఎర్రబోరువాళ్ళు. గోలైతే మేకపోతు కోంటది. కాకపోతే చెరిసగం. ఒకరు కుడిచెయ్యి, ఒకరు ఎడమచెయ్యి పట్టుకుని నన్ను న్యాయం అడిగారు. ఆ చొక్కా ఇప్పుడు లాంతరు చిమ్నీ తుడవడానికి పనికొస్తోంది.

ఏం చెప్పను? పూర్వం బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక రేంజరుగారు నాకు ఈల, నియమాల పుస్తకం ఇచ్చి వెళ్ళారు. ఈల మిగిలింది. పుస్తకాన్ని చెదలు వెనకనుంచి చదువుకుంటూ వచ్చాయి. ఆట ముగించడం గురించి రాసిన పేజీలు వాటికే తెలుసు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నీ మొదటి ఉత్తరంలో రాశావు కదా, ఆ దేశంలో డాక్టర్లు, నర్సులు, ఆఖరికి రోగులు కూడా ఫుట్‌బాల్ తప్ప మరో మాట మాట్లాడరని. మా మేనకోడలు ఫుట్‌బాల్ దేశంలోనే ఉంది, రాసి అడుగుతాను, వచ్చిన జవాబే తీర్పు అని అందరిముందూ అనేసి బయటపడ్డాను.

నా బాధల్లా నరసింహులుతోనే. నీకు తెలుసుగా, ఎర్రబోరులో కిరాణా దుకాణం. ఇరవై రెండేళ్ళుగా నేను ఎర్రబోరు సంతకు బట్టల మూటలు తీసుకెళ్ళిన ప్రతి వారం మధ్యాహ్నం భోజనం వాడింట్లోనే. ఆ ఊరి జట్టుకు పెద్దదిక్కు కూడా వాడే. ఫైనల్ నాడు అందరికంటే పెద్దగా అరిచింది వాడు. మొన్న సంతలో వాడి దుకాణం ముందునుంచి రెండుసార్లు నడిచాను. తలెత్తలేదు. మూటమీద కూర్చుని అటుకులు తిన్నాను. వాడు మళ్ళీ నన్ను విస్తరి ముందుకు పిలిచే మాటేదో అదే రాయమని నిన్ను అడగలేను కదా. ఉన్న నియమమే రాయి. త్వరగా రాయి.

తీర్పు వచ్చేదాకా మేకపోతు మన పెరట్లోనే ఉంటుంది. మాంసం ముట్టని ఇంట్లో మేకపోతు ఏమిటని మీ అత్తయ్య రోజూ అడుగుతోంది. అది చిక్కుడుపాదు తింటున్నప్పుడు మాత్రం ఇంకొంచెం గట్టిగా అడుగుతోంది.

గోలో కాదో తెలియని,
మామయ్య రామనాథం

*

అడిలైడ్,
5 సెప్టెంబరు 1967.

మామయ్యకు, అత్తయ్యకు కమల నమస్కారాలు.

మీ ఉత్తరం వార్డులోనే విప్పి చదివి నవ్వాను. ఇక్కడ డ్యూటీలో నవ్వితే కారణం చెప్పాలి. చెప్పాను. అంతే, అరగంట సేపు ఎవరూ ఎవరికీ మందులివ్వలేదు. మీ అదృష్టం బాగుంది మామయ్యా. మా పన్నెండో మంచం మీద తుంటి ఎముక విరిగిన ఒక తాత ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఆయన పనే అది. ఈ దేశంలో గోలు పడిందో లేదో చెప్పడానికే ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటాడు. తెల్లకోటు, నెత్తిన తెల్లటోపీ. మొదటిసారి చూసినప్పుడు ఎవరికో దెబ్బ తగిలింది, డాక్టరు వచ్చాడనుకున్నాను. గోలైతే రెండు జెండాలు ఊపుతాడు. మా తాత మంచం మీదనుంచే రెండు తువ్వాళ్ళు తీసి ఊపి చూపించాడు. ఒకటి గంజి గిన్నెలో పడింది.

ఆయన చెప్పిన నియమం ఇది. ఆట ముగిసినట్టు ఇక్కడ సైరన్ మోగిస్తారు. సైరన్ కంటే ముందే బంతి కాలు వదిలితే, అది ఎంతసేపు గాల్లో తిరిగి ఎప్పుడు పడినా లెక్కే. అంతేకాదు, సైరన్‌కు ముందు ఎవడైనా బంతిని కింద పడకుండా శుభ్రంగా పట్టుకుంటే, సైరన్ అయిపోయాక కూడా వాడు ఒకసారి కొట్టుకోవచ్చు.

పోయిన శనివారం సిస్టర్లు నన్ను ఆటకు తీసుకెళ్ళారు. అచ్చం అదే జరిగింది. సైరన్ మోగింది. ఒకడి చేతిలో బంతి ఉంది. వాడు మేజోళ్ళు పైకి లాక్కున్నాడు. వెనక్కి నడిచాడు. ముక్కు తుడుచుకున్నాడు. అన్ని వేలమంది ఊపిరి బిగబట్టి వాడి ముక్కువైపే చూస్తున్నారు. ఆట అయిపోయింది కానీ వాడికి మాత్రం అయిపోలేదు. అప్పుడు కొట్టాడు. గోలు. నా పక్కనున్న సిస్టరు ఏడ్చేసింది, ఆమెది అవతలి జట్టట.

వీళ్ళ దయాగుణం కూడా చెప్పాలి. గోలుకు ఆరు పాయింట్లు. గురి కొద్దిగా తప్పి పక్కనుంచి పోయినా పాపం కష్టపడ్డాడని ఒక పాయింటు ఇస్తారు. ఎంత పక్కో తెలియడానికి అటొకటి ఇటొకటి ఇంకో రెండు గడలు పాతుతారు. ఎదుటి జట్టువాడి వేలు తగిలి లోపలికి పోతే అప్పుడూ ఒకటే. బంతి మాత్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దేశాన్ని బట్టి బంతి మారుతుందేమో. ఎదిగిన ఆడపిల్ల మైదానం వైపు చూడకూడదని మీరూ అమ్మా నన్ను చుట్టూ తిప్పి తీసుకెళ్ళేవారు, కాబట్టి మన బంతి ఎలా ఉండేదో నేను ఎన్నడూ సరిగ్గా చూడలేదు.

ఇర్మాది గోలే. నరసింహులు మామకు నా నమస్కారాలు చెప్పి, కోపం నామీద పెట్టుకోమనండి. నేను దూరంగా ఉన్నాను, తట్టుకుంటాను.

ఉడకబెట్టిన కేబేజీ మీద బతుకుతున్న,
కమల

*

కోంట,
21 సెప్టెంబరు 1967.

చిరంజీవి కమలకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం వచ్చినందుకు నా గుండె ఎంత తేలికైందో చెప్పలేను. ఎందుకో తర్వాత ఎప్పుడైనా చెప్తాను.

దుకాణం అరుగు మీద బట్టల మూటెక్కి నిలబడి ఉత్తరం మొత్తం చదివాను. తెలుగులో ఒకసారి, తహసీలు ఆఫీసు వాళ్ళకోసం హిందీలో ఒకసారి, మిగతావాళ్ళకు దోర్లిలో ఒకసారి. గంజి గిన్నెలో తువ్వాలు పడిన చోట మూడుసార్లూ నవ్వారు. సైరన్ తర్వాత కొట్టినవాడు బంతిని చేత్తో పట్టుకున్నాడని రాశావు, వాడు గోలుకీపరు అయ్యుంటాడని నేనే వివరించాను. ఆస్ట్రేలియా నియమం ప్రకారం ఇర్మాది గోలే అని తీర్పు చెప్పి దిగాను. మనవాళ్ళు మేకపోతును విప్పడానికి పెరట్లోకి వెళ్ళారు కూడా.

అప్పుడు ఎర్రబోరు కెప్టెన్ లచ్చు లేచాడు. "ఆ చట్టం సగం తింటే ఎట్ల పటేలా? మొత్తం తినాలె. పక్కకు పోయినయి మావి తొమ్మిది ఉన్నయి" అన్నాడు. కమలా, నేను ఆ ముక్క ఎందుకు చదివానో నాకే తెలియదు. గొంతు బాగుందని చదువుతూ పోయాను. ఎర్రబోరు వాళ్ళు గురి తప్పినవి తొమ్మిదట, మనవాళ్ళవి మూడట. ఎవరు లెక్కపెట్టారంటే ఇరవైమంది చేతులెత్తారు. వానాకాలంలో ఇక్కడ ఇంకేం పని?

లెక్క వేశాం. మనకు రెండు గోల్స్, మూడు తప్పులు, పదిహేను. వాళ్ళకు ఒక గోలు, తొమ్మిది తప్పులు, పదిహేను. మళ్ళీ చెరిసగం. అందరూ నన్ను మేకపోతును చూసినట్టు చూశారు.

అంతటితో ఆగలేదు. ఇర్మా కొట్టిన బంతి ముయా వేలికి తగిలిందేమో అని వాళ్ళలో ఒకడికి అనుమానం వచ్చింది. తగిలితే ఆ గోలుకు ఆరు కాదు, ఒకటే. మనకు పదే అవుతాయి, మేకపోతు ఎర్రబోరుకు పోతుంది. ఆ సంగతి ముయా ఒక్కడికే తెలుసు. వాడేమో దోర్నపాల్ అవతల అత్తవారింట్లో ఉన్నాడు, అట్నుంచి అటే జగదల్పూర్ దసరాకు పోతాడట. వాడు వచ్చేదాకా ఆగాలని తీర్మానించాం. ఈలోగా రెండు అదనపు గడలు పాతి ఏ బంతి ఎంత పక్కనుంచి పోయిందో కొలుస్తామని కుర్రాళ్ళు అడవిలోకి వెదురుకు వెళ్ళారు.

నరసింహులు కూడా వచ్చాడు. వెనకెక్కడో నిలబడ్డాడు. నేను వాడివైపు చూసినప్పుడల్లా మన గోడ సున్నం వైపు చూశాడు. మీ అత్తయ్య చెంబుతో నీళ్ళు తీసుకెళ్తే, అక్కరలేదమ్మా అని బస్సెక్కాడు. ఇరవై రెండేళ్ళలో నా గుమ్మం దాకా వచ్చి నీళ్ళు ముట్టకుండా పోవడం ఇదే. అటుకులు తినీ తినీ నాకు దవడలు నొప్పి పుడుతున్నాయి.

పదిహేనుకు పదిహేను తెచ్చిన,
మామయ్య

*

అడిలైడ్,
6 అక్టోబరు 1967.

మామయ్యా,

నమస్కారాలు తర్వాత పెడతాను. ముందు ఆ గడలు పాతడం ఆపండి.

అది ఆ ఆట కాదట. నా ఉత్తరం, మీ జవాబు రెండూ మా వంటగదిలో చెప్పాను. అక్కడ ఇటలీ నుంచి వచ్చిన వంటాయన ఒకడున్నాడు. విని గరిటె కింద పెట్టి, మీ మామయ్య ఊళ్ళో బంతి గుండ్రమా, కోలా అని అడిగాడు. ఎప్పుడో అత్తయ్య పొట్టిగుమ్మడికాయను చూసి మీ మామయ్య బంతిలా ఉందే అనడం గుర్తొచ్చి, గుండ్రమే అన్నాను. చేత్తో పట్టుకుంటారా అని అడిగాడు. ఒక్కడు తప్ప ఎవరూ పట్టుకోరు అన్నాను, మీరు గోలుకీపరు గురించి రాశారు కదా. అయ్యో అన్నట్టు తల పట్టుకున్నాడు.

ఈ దేశంవాళ్ళు ఫుట్‌బాల్ అని పిలిచేది వీళ్ళ సొంత ఆటను మామయ్యా. అందరూ చేతులతో పట్టుకుంటారు, చేతులతో గుద్దుతారు, ఒకడి భుజాల మీదికి ఒకడు ఎగురుతాడు, దాన్నీ ఫుట్‌బాలే అంటారు. మనవాళ్ళు ఆడేది, ఇటలీ వంటాయన ఆదివారాలు ఆడేది వేరే. అందులో రిఫరీ ముగింపు ఈల ఊదితే అంతా అక్కడితో సరి. గాల్లో ఉన్న బంతికి విలువ లేదు. ఆరు లేదు, ఒకటి లేదు, రెండో జత గడలు లేవు. నరసింహులు మామ మొదటినుంచీ అంటున్నదే సరైన మాట.

తప్పు నాది. తెలియదని రాయాల్సింది పోయి తెలిసినట్టు రాశాను. వార్డులో అందరూ నా చుట్టూ చేరి అడుగుతుంటే నేనూ ఒక పెద్దమనిషినైపోయాను. మీరు వెంటనే ఎర్రబోరు వెళ్ళి, మా మేనకోడలు తెలివితక్కువది అని చెప్పేయండి. నాకు అవమానం కాదు. మీరు ఆ మూటమీద కూర్చుని అటుకులు తింటున్నారని చదివినప్పటినుంచీ నాకు ఇక్కడ ముద్ద దిగడం లేదు. అంటే కేబేజీ ముందే దిగేది కాదు, అది వేరే సంగతి.

పన్నెండో మంచం తాతకు కూడా చెప్పాను. ఆయన, పక్కకు పోయినవాడికి ఏమీ ఇవ్వని ఆట కూడా ఒక ఆటేనా అన్నాడు.

తలదించుకుని,
కమల

*

కోంట,
24 అక్టోబరు 1967.

చిరంజీవి కమలకు,

నీ ఉత్తరం చేతికొచ్చేసరికి గడలు పాతడమూ, కొలవడమూ, వాటిమీద తగాదాపడటమూ అయిపోయాయి. దాన్ని పెట్టెలో పట్టుచీరల అడుగున దాచాను. ఎవరికీ చెప్పలేదు. నిన్ను తెలివితక్కువది అని ఎందుకు చెప్పలేదో ఈ ఉత్తరం చివర నీకే అర్థమవుతుంది.

ముయా దసరా చూసుకుని తిరిగివచ్చాడు. ఎర్రబోరు సంతనాడే అందరూ వాడి చుట్టూ మూగారు. మనవాళ్ళు కూడా లారీలో వెళ్ళారు. లచ్చు వాణ్ణి ఒక పక్కకు తీసుకెళ్ళి చెవిలో లెక్క అంతా చెప్పాడు. తగిలిందంటే పదిహేనుకు పది, మేకపోతు మనది అని. ముయా తల ఊపుతూ మొత్తం విన్నాడు. వచ్చి నిలబడ్డాడు. నేను అడిగాను, "బంతి నీ వేలికి తగిలిందా ముయా?"

"తగల్లే."

"బాగా ఆలోచించి చెప్పు. కొంచెమన్నా?"

"నా ఏలు నాకు తెల్వదా? తగిల్తే చెప్పకపోదునా?" అని, సంతలో ఉప్పు కొనాలని వెళ్ళిపోయాడు. వెనకనుంచి వాళ్ళ ఊరివాళ్ళే తిట్టారు. వాడు తిరిగి కూడా చూడలేదు.

కమలా, ఒక్క చిన్న మాట అబద్ధం ఆడితే వాడి ఊరు గెలిచేది. పదకొండేళ్ళుగా ప్రతి ఫైనల్లో ఓడుతున్న ఊరు. కాదనేవాడు లేడు, చూసినవాడు లేడు. వాడి నోటికి ఆ మాట రాలేదు. నేను అక్కడ నిలబడలేక మూటల చాటుకు వెళ్ళి కూర్చున్నాను. నాకు సిగ్గేసింది. ఎవరికీ చెప్పనిది నీకు చెప్తున్నాను. ఆ రోజు నేను రెండు నిమిషాలు ముందే ఈల ఊదాను.

గడియారం తప్పు కాదు. చూసుకునే ఊదాను. ఇర్మాకు బంతి దొరికింది, ముయా ఒక్కడే ఉన్నాడు, ఇక గోలు ఖాయమని తెలిసిపోయింది. గీత అవతల నరసింహులు గొడుగు మూసి చేత్తో పట్టుకుని వానలో తడుస్తూ నిలబడ్డాడు. ప్రతి ఏడూ ఫైనల్ అయ్యాక వాడు ఆ పూట అన్నం తినడు, నాకు మాత్రం దగ్గరుండి వడ్డిస్తాడు. ఈ ఒక్క ఏడన్నా వాడు ఓడిపోకూడదనిపించింది. చెరిసగం అయితే చాలనిపించింది. అంతే, నోట్లో ఈల మోగిపోయింది. అర క్షణం ముందే ఇర్మా కాలు తగిలిందని అప్పుడు నేను చూడలేదు.

అందుకే నీ మొదటి జవాబు చూసి అంత సంతోషించాను. గోలు లెక్కలోకి వచ్చేస్తే నా తప్పు చెరిగిపోతుందనుకున్నాను. ఇప్పుడు నువ్వు ఈల అంటే ఈలే, ముగిసిందంటే ముగిసిందే అంటున్నావు. ఆ మాట నేను ఏ నోటితో చెప్పను?

చెప్పేస్తే నా ఈల పోతుంది, పోనీ. మోకాళ్ళు కూడా పోతూనే ఉన్నాయి. నా భయం అది కాదు. నేను జాలిపడ్డానని నరసింహులుకు తెలుస్తుంది. వాడు ఓటమిని తట్టుకుంటాడు కానీ జాలిని తట్టుకోడు. అది తెలిస్తే ఆ ఇంట్లో నా విస్తరి ఇక లేదు. ఏం చెయ్యమంటావో రాయి. ఈసారి ఏ దేశం నియమమైనా ఫరవాలేదు.

మామయ్య

*

అడిలైడ్,
8 నవంబరు 1967.

మామయ్యకు నమస్కారాలు.

నాకు మీమీద కోపం వచ్చింది. రెండు రోజులు వచ్చింది. నా పేరు చెప్పి మూడు భాషల్లో తీర్పులిచ్చి, అసలు సంగతి కడుపులో పెట్టుకున్నారు. మూడో రోజు, గొడుగు మూసి తడుస్తూ నిలబడ్డాడని మీరు రాసిన చోట మళ్ళీ చదివాను. కోపం పోయింది.

తాతకు రేపు సెలవిచ్చి ఇంటికి పంపుతున్నారు. ఈ సంగతి ఆయనకు చెప్పవచ్చా అని సందేహించి, చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. ఇక్కడ ఆట నడిపేవాడి చేతిలో గడియారం ఉండదట మామయ్యా. కాలం చూసేవాళ్ళు ఇద్దరు వేరే ఉంటారు. ఈ జట్టు తరఫున ఒకడు, ఆ జట్టు తరఫున ఒకడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటారు, ఎవరి గడియారం వాళ్ళది. ఇద్దరూ సరే అనుకున్నాకే సైరన్. గడియారం, ఈల రెండూ ఒకే మనిషికి ఇస్తే ఆ మనిషికి స్నేహితులు ఉండకూడదు, అది అయ్యే పని కాదు అన్నాడు తాత.

ఏం చెయ్యాలని అడిగారు. నాకు తెలియని ఆటకు ఒకసారి తీర్పు చెప్పి బుద్ధొచ్చింది, కానీ ఇది నాకు తెలుసు. ముందు నరసింహులు మామకు చెప్పండి, ఊళ్ళకు తర్వాత. జాలిపడ్డారని ఆయనకు కోపం వస్తే రానివ్వండి. ఇప్పుడు మాత్రం ఆయన మిమ్మల్ని ఏ పంచభక్ష్యాలకు పిలుస్తున్నాడని? మీరు చెప్పకపోయినా అటుకులే, చెప్పినా అటుకులే. చెప్పి తినండి, దవడలకు కొంచెం సులువుగా ఉంటుంది.

నేను ఊరికే హాస్యమాడుతున్నానని అనుకోకండి. ఇక్కడ నాకు పక్కన కూర్చుని తినేవాళ్ళు లేరు. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కమల

*

కోంట,
29 నవంబరు 1967.

చిరంజీవి కమలకు,

దీవెనలు. చెప్పాను.

నీ ఉత్తరం వచ్చిన వారమే సంతకు వెళ్ళి, మూటలు దింపకుండానే నేరుగా నరసింహులు దుకాణానికి నడిచాను. ముందు ఎండ చల్లారనీ, బేరాలు అవనీ అనుకుంటే ఆ రోజూ అటుకులే అవుతాయని తెలుసు. వాడు ఎవరికో కందిపప్పు తూస్తున్నాడు. "నరసింహులూ, ఆ దినం రెండు నిమిషాలు ముందే ఊదిన. కావాలని ఊదిన" అన్నాను.

వాడు తక్కెడ ముల్లు వైపే చూస్తూ, పప్పు పొట్లం కట్టి, దారం తెంపి ఇచ్చి పంపించాడు. అప్పుడు అన్నాడు, "తెల్సు."

"ఏంది తెల్సు?"

"నా చేతికి గడియారం లేదా ఏంది? ఇంకా రెండు నిమిషాలున్నయని నేనూ చూసిన."

మరి అంత పెద్దగా ఎందుకు అరిచావు అని అడిగాను.

"మావోళ్ళు గట్టెక్కుతరని అర్సిన. ఇంటికొచ్చినంక అన్నం సయించలే. నాకోసం నువ్వు అంత పని చేస్తివి, నేనేమో నీ అంగీ చింపించిన. నీ మొకం ఎట్ల చూడాలె? ఆ ముయాగాడు తగల్లే అన్ననాడు నేనూ ఆన్నే ఉన్న. భూమిలకు పోవాలనిపించింది."

మూడు నెలలు, కమలా. వాడు నామీద కోపంతో ఉన్నాడని నేను, నాకు ముఖం చూపించలేక వాడు. ఎవరి దుకాణం ముందు ఎవరు ఎన్నిసార్లు నడిచారో లెక్క కూడా తేలలేదు. వాడు కూడా రెండుసార్లు నా మూటలదాకా వచ్చి, నేను అటుకులు తింటుంటే చూసి వెనక్కి పోయాడట.

తర్వాత ఇద్దరం బయటికొచ్చి సంతలో అందరికీ చెప్పేశాం. మీ దేశం ఆట వేరని కూడా చెప్పాను. తిట్టారు, అది రాయను. లచ్చు మాత్రం, "అయితే ఇంకా రెండు నిమిషాలు మిగిలినయి గదా" అన్నాడు. ఇన్ని నెలల్లో నాకూ నరసింహులుకూ తట్టనిది అదే. మిగిలినవి ఆడేస్తే సరి.

మొన్న సంతనాడు ఆడించాం. అదనపు గడలు రెండూ పీకించాను. మీ అత్తయ్య అప్పటికే వాటిని చిక్కుడుపాదుకు అడిగి ఉంచింది. ఈల దోర్నపాల్ నుంచి వచ్చిన బుధ్రాకు ఇచ్చాను, వాడిది ఏ ఊరి పక్షమూ కాదు. గడియారాలు మీ పన్నెండో మంచం తాత చెప్పినట్టే. నరసింహులు దుకాణంలోంచి బెంచీ తెప్పించి గీత పక్కన వేయించాడు. వాడు ఒక చివర, నేను ఒక చివర కూర్చున్నాం. రెండు నిమిషాలు కాగానే ఇద్దరం కలిసి తువ్వాలు ఎత్తాలి, బుధ్రా ఈల ఊదాలి.

ఆట మొదలైంది. సంత సంతంతా గీతచుట్టూ చేరింది. ఇర్మా ఒకటి కొట్టాడు, ముయా పట్టాడు. లచ్చు ఒకటి కొట్టాడు, అది మీ దేశంలోనైతే ఒక పాయింటు. నరసింహులు "అయ్యో" అని నా మోకాలి మీద చరిచాడు. నేను "చూసినవా, పక్కకు పోయె" అన్నాను. పదహారేళ్ళుగా ప్రతి ఫైనల్లో నేను ఈల పట్టుకుని మైదానంలో పరుగెత్తుతున్నాను, వాడు గీత అవతల ఒక్కడే నిలబడుతున్నాడు. ఇద్దరం ఒకచోట కూర్చుని ఆట చూడటం అదే మొదటిసారి.

గడియారం చూశాను. రెండు నిమిషాలు అయ్యాయి. పక్కకు చూశాను. వాడు కూడా తన గడియారం చూసుకున్నాడు, చొక్కా చెయ్యి కిందికి లాగి దాన్ని కప్పేశాడు. నేను తువ్వాలు మెడచుట్టూ వేసుకున్నాను. వాళ్ళు ఆడుతూనే ఉన్నారు. ఎంతసేపని అడగకు. చివరకు ఇర్మా, ముయా ఇద్దరూ గోలు దగ్గరే ఆయాసంతో కూలబడ్డారు. బుధ్రా మా దగ్గరికి వచ్చి, "టైము ఇంకా కాలేదా పటేలా?" అన్నాడు.

నరసింహులు నన్ను అడిగాడు, "నీ దాంట్ల ఎంతయింది?"

"నాది ఆగినట్టుంది" అన్నాను.

"నాది కూడ" అన్నాడు.

ఒకటికి ఒకటి, చెరిసగం. మేకపోతును రెండు ఊళ్ళూ పంచుకున్నాయి. ఆ పూట మీ అత్తయ్య తలుపు వేసుకుని పడుకుంది, నీకు రాయవద్దంది. నేను కోంటకు చివరి లారీ వెళ్ళిపోయేదాకా ఎర్రబోరులోనే ఉన్నాను. వాళ్ళింట్లో గోంగూర పప్పు, వంకాయ కూర. ఆ పూట నరసింహులు దగ్గరుండి వడ్డించలేదు, నా పక్కనే విస్తరి వేసుకుని తిన్నాడు.

మామయ్య రామనాథం